బండి కాగితంలో మనం ఎక్కడ?

కొన్నేళ్ల క్రితం మార్చి 8 సభకు పల్లెల నుంచి స్త్రీలను తీసుకురావడానికి మూడు డీసీఎం వ్యాన్లు మాట్లాడాం. మాట్లాడిన వాళ్లలో నేనూ ఉన్నాను. బస్సు కంటే చవక, ఊరి లోపలి దాకా వస్తాయి, ఒక్కోదాంట్లో నలభై మంది పడతారు. మేం చూసుకున్నవి ఇవే. తిరుగు ప్రయాణంలో ఒక వ్యాను మలుపు దగ్గర పొలంలోకి ఒరిగింది. ప్రాణాలు పోలేదు గానీ ఒకామెకు తుంటి ఎముక విరిగింది. ఆమె పత్తి ఏరే కూలి. ఆస్పత్రి ఖర్చులకు మేం చందాలు పోగు చేశాం, పండ్లు పట్టుకెళ్లి పలకరించాం. ఆ వ్యాను ఇన్సూరెన్స్ గురించి మాలో ఎవరికీ తోచలేదు. అడిగింది పదో తరగతి చదువుతున్న ఆమె కూతురు. "బండికి ఇన్సూరెన్స్ ఉన్నదన్నరు గద మేడం, మరి మా అమ్మకు రాదా?"

నా దగ్గర జవాబు లేదు. స్త్రీల శ్రమ మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నదాన్ని. చట్టం స్త్రీని ఎట్లా చూస్తుందో క్లాసుల్లో, శిబిరాల్లో చెప్తూ వచ్చినదాన్ని. చివరికి ఒక వకీలు దగ్గర కూర్చుంటే తెలిసిన జవాబు ఇది: బండికి ఉంది, వాళ్లమ్మకు లేదు. అది సరుకుల బండి. సరుకుల బండిలో ఉత్తగా ఎక్కిన మనిషికి బీమా వర్తించదు. ఎక్కించింది మేమే.

ఈ మాట ఎత్తగానే మన సమావేశాల్లో ఒక అసహనం కనిపిస్తుంది. ఇన్సూరెన్స్ అంటే కార్లున్న వాళ్ల గొడవ, వకీళ్ల గొడవ అనుకుంటాం. మనం హింస గురించి, భూమి గురించి, కూలి రేట్ల గురించి మాట్లాడేవాళ్లం కదా. ఒక మిత్రురాలు ఇంకో అడుగు ముందుకేసి, "ప్రాణానికి ధర కట్టే వ్యవహారంలోకి మనం దిగాలా?" అంది. ఆమె మాటలో నిజాయితీ ఉంది. కానీ మనం కట్టనంత మాత్రాన ధర కట్టకుండా ఆగదు. మనం లేని చోట ఎవరో ఒకరు కడతారు, చాలాసార్లు సున్నా అని కడతారు. ఆ సున్నా ఎక్కడెక్కడ రాసి ఉందో చెప్పడానికే ఈ వ్యాసం.

మూడో మనిషి ఎవరు?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా ఏ బండీ రోడ్డెక్కకూడదు. ఈ నిర్బంధం పెట్టింది బండి యజమాని మీద ప్రేమతో కాదు. బండి గుద్ది ఎవరైనా చనిపోతే, ఆ యజమాని చేతిలో డబ్బు లేదనే కారణంతో పోయినవాళ్ల కుటుంబం వీధిన పడకూడదని. యజమాని ఒక పార్టీ, కంపెనీ రెండో పార్టీ, వాళ్లిద్దరి ఒప్పందంతో ఏ సంబంధం లేకుండా నష్టపోయిన మనిషి మూడో పార్టీ. ఈ మూడో మనిషి కోసమే చట్టం ఆ ఒప్పందంలో జోక్యం చేసుకుంది.

చదివితే న్యాయంగానే ఉంది. రోడ్డు దాటుతున్న మనిషి దగ్గర, ఎదుటి బండిలో ఉన్న మనిషి దగ్గర పెద్ద చిక్కు లేదు. చిక్కంతా ప్రమాదానికి కారణమైన బండి మీదే కూర్చున్న మనిషితో. ఆమె బయటి మనిషి కాదు కాబట్టి మూడో పార్టీ కాదంటారు. యజమాని కాదు కాబట్టి మొదటి పార్టీ కూడా కాదు. అయితే ఆమె ఎవరు? స్త్రీలు ఎక్కువగా కూర్చునేది ఆ జవాబు లేని చోటే. ఇది కాకతాళీయం కాదు. బండి ఎవరి పేర ఉంటుంది, హ్యాండిల్ ఎవరి చేతిలో ఉంటుంది, ఎవరు వెనక కూర్చుంటారు, ఎవరు ట్రాలీలో నిలబడతారు అన్నవి పితృస్వామ్యమూ కూలి వ్యవస్థా కలిసి తేల్చిన విషయాలు. బీమా చట్టం ఆ ఏర్పాటును ఉన్నదున్నట్టు తీసుకుని, దాని మీద తన గీత గీసింది.

వెనక సీటు

ముందు మన ఇళ్లలో ఉన్న బండి సంగతి చూద్దాం. ఇరవై ఏళ్లు నేను నా భర్త మోటారు సైకిల్ వెనక కూర్చుని తిరిగాను. ఆ బండి పెట్రోలు లెక్క నాకు తెలుసు, సర్వీసింగు తేదీ తెలుసు. పాలసీ కాగితం మాత్రం ఒక్కసారి తెరిచి చూసిన పాపాన పోలేదు. అది సీటు కింద ప్లాస్టిక్ కవర్లో, పోలీసులు ఆపితే చూపించడానికి ఉండేది.

మన కుటుంబాల్లో ఎక్కువమంది దగ్గర ఉండేది థర్డ్ పార్టీ పాలసీ. అది చవక, చలానా పడకుండా కాపాడుతుంది. మరో బండి తప్పు వల్ల వెనక కూర్చున్న భార్యకు దెబ్బ తగిలితే, ఆ రెండో బండి కంపెనీ దృష్టిలో ఆమె మూడో మనిషే. అక్కడ పరిహారం వస్తుంది. కానీ కుక్క అడ్డమొచ్చి బండి జారితే? భర్తే వేగంగా పోనిచ్చి కల్వర్టుకు కొడితే? ఆ బండికి ఉన్నది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే అయితే వెనక కూర్చున్న మనిషి బాధ్యత కంపెనీది కాదని 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో వెనక కూర్చున్న వ్యక్తికి పెట్టిన పేరు 'ఉచిత ప్రయాణికుడు'. మన విషయంలో ఆ పేరును విప్పి చూడండి. ఇరవై ఏళ్ల కాపురంలో, పిల్లను ఒళ్లో, కూరగాయల సంచి చేతిలో పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి తన ఇంటి బండి మీద ఉచిత ప్రయాణికురాలు!

జనం 'ఫుల్ ఇన్సూరెన్స్' అని పిలిచేది, కాగితంలో 'ప్యాకేజ్' లేదా 'కాంప్రిహెన్సివ్' అని ఉండేది వేరు. ఆ పాలసీ ఉంటే బండి వెనక కూర్చున్న వాళ్లకు, సొంత కారులో ప్రయాణించే వాళ్లకు కంపెనీ బాధ్యత ఉంటుందని 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే ఒకే రోడ్డు మీద, ఒకే రకం బండి మీద, ఒకే రకంగా పడిపోయిన ఇద్దరు స్త్రీలలో ఒకరి ఇంటికి పరిహారం వస్తుంది, ఒకరికి రాదు. తేడా అంతా బండి కొన్నప్పుడో, పాలసీ పొడిగించినప్పుడో కొన్ని వందలు మిగుల్చుకుందామని ఇంటి మగవాళ్లు ఒంటరిగా తీసుకున్న నిర్ణయంలో ఉంది. ఆ నిర్ణయంలో వెనక సీటు మనిషిని ఎవరూ అడగలేదు.

ఇంకొక సంగతి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టించుకుంటున్నారు. దాంతో "మా బండికి అయిదేళ్ల ఇన్సూరెన్స్ ఉంది" అనే నిశ్చింత ఇళ్లలో స్థిరపడింది. బండి నష్టానికిచ్చే భాగం చాలా పాలసీల్లో ఒక్క ఏడాదే. ఆ తర్వాత వెనక సీటు సంగతి ఏమవుతుందో పాలసీ చదివి, కంపెనీని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. నోటిమాట ట్రిబ్యునల్లో పనికిరాదు.

మరి నడిపే మనిషి పోతే? యజమాని-డ్రైవరుకు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా నిబంధన ఉంది. దాని పేరులోనే మెలిక ఉంది. బండి ఎవరి పేర ఉందో వాళ్లే నడుపుతూ ఉండాలి, లైసెన్సు ఉండాలి. తమ్ముడి పేర ఉన్న స్కూటీ మీద ఊళ్లు తిరిగే మన క్షేత్ర కార్యకర్తలు ఎంతమంది? యజమాని దగ్గర బండి అడిగి తీసుకుని నడిపిన మనిషి తన తప్పు వల్లే ప్రమాదానికి గురైతే, అతను యజమాని స్థానంలోకే వస్తాడని, ఆ బండి కంపెనీ మీద మూడో మనిషిలా దావా వేయలేడని 2009లో నింగమ్మ కేసు చెబుతోంది. ఆ కేసు వేసింది చనిపోయినతని భార్య.

బుట్టకున్న హక్కు మనిషికి లేదు

ఇక ట్రాలీ. 2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పి.ఎ.పల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టర్ కాలువలో పడి 9 మంది చనిపోయారు. అదే ఏడాది జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ దగ్గర ఇంకో ట్రాక్టర్ మూసీ కాలువలో బోల్తాపడి 15 మంది పోయారు. రెండు చోట్లా పోయినవాళ్లలో అత్యధికులు పొలం పనికి వెళ్తున్న ఆడకూలీలు. ఇలాంటి ప్రతిసారీ మంత్రులు వస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు. ఎక్స్‌గ్రేషియా అంటేనే దయతో ఇచ్చేదని అర్థం. హక్కుగా రావాల్సింది ఏమైందని ఆ గుంపులో అడిగేవాళ్లు ఉండరు.

హక్కుగా ఏం రావాలో చట్టం ఇట్లా చెబుతుంది. సరుకుల బండిలో ప్రయాణించే సరుకు యజమానికి, అతని ప్రతినిధికి బీమా వర్తిస్తుందని 1994 సవరణ చేర్చింది. 1999 డిసెంబరులో సత్పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఉదారంగా ఆలోచించి, సరుకుల బండిలో ఉత్తగా ఎక్కిన వాళ్లకు కూడా కంపెనీ బాధ్యత ఉందంది. మూడేళ్లకు, 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో అదే కోర్టు పెద్ద బెంచి ఆ తీర్పును కొట్టేసింది. 2004 జనవరిలో బల్జీత్ కౌర్ కేసులో అదే మాట మళ్లీ చెప్పింది. చివరికి 2019 సవరణ, 147వ సెక్షన్‌లో ప్రయాణికుల గురించి రాస్తూ, సరుకుల బండిలోని ఉచిత ప్రయాణికులు తప్ప అని పచ్చిగా రాసిపెట్టింది. అది 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు కోర్టుల వ్యాఖ్యానంగా ఉన్నదాన్ని పార్లమెంటు చట్టం మాటగా మార్చింది.

దీని అర్థం ఏమిటి? వంకాయల బుట్టతో సంతకు పోతూ సరుకుల ఆటో ఎక్కిన స్త్రీ సరుకు యజమాని. ఆమెకు దారి ఉంది. ఆ వంకాయలు తెంపడానికి పొద్దున్నే అదే ఆటోలో పోయిన కూలి మనిషి చేతిలో సద్దిగిన్నె తప్ప ఏమీ లేదు, కాబట్టి ఆమె ఉచిత ప్రయాణికురాలు. చట్టం బుట్టను చూసింది, బుట్ట నింపిన చేతుల్ని చూడలేదు. పైగా 'ఉచితం' అనే మాట అబద్ధం. మేస్త్రి కూలిలోంచి బండి కిరాయి పట్టుకుంటాడని పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఏ కూలిని అడిగినా చెబుతుంది. పోనీ కిరాయి ఇచ్చానని ఆమె రుజువు చేసినా లాభం లేదు. సరుకుల బండిలో కిరాయికి మనుషుల్ని ఎక్కించడం పర్మిట్ ఉల్లంఘన అంటుంది కంపెనీ. ఉచితమంటే చట్టం ఒప్పుకోదు, కిరాయంటే కంపెనీ ఒప్పుకోదు.

ట్రాక్టర్ యజమాని దగ్గరే పనిచేసే కూలి అయితే, ఆమె ఉద్యోగిగా 1923 నాటి కార్మిక పరిహార చట్టం కింద ఒక దారి ఉండేది. కానీ ట్రాక్టర్ ఒకరిది, పొలం ఇంకొకరిది, కూలి ముఠా మేస్త్రిది అయినప్పుడు ఆమె ఎవరి ఉద్యోగి? ఎవరూ ఒప్పుకోరు. ఇక మిగిలింది యజమాని. ట్రిబ్యునల్ అతని మీద తీర్పు ఇస్తుంది. అతను తరచుగా ట్రాక్టర్ మీద అప్పు తీరని చిన్న రైతు. గెలిచిన కాగితం పెట్టెలో ఉంటుంది, డబ్బు రాదు. ఈ దుస్థితి నుంచి కాపాడటానికే కదా అసలు థర్డ్ పార్టీ బీమాను నిర్బంధం చేసింది?

శ్రమకు ధర కట్టారు, చెల్లించేదెవరు?

గృహిణి శ్రమ విషయంలో కోర్టులు కొంత దూరం వచ్చాయి. 1994లో చేర్చిన రెండో షెడ్యూలు, సంపాదన లేని భార్య విలువను భర్త ఆదాయంలో మూడో వంతుగా లెక్కేసింది. 2010లో అరుణ్ కుమార్ అగ్రవాల్ కేసులో జస్టిస్ గంగూలీ, 2001 జనాభా లెక్కలు గృహిణుల్ని బిచ్చగాళ్లు, ఖైదీలతో కలిపి పని చేయని వాళ్ల జాబితాలో పెట్టడాన్ని తప్పుపట్టారు. 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ 2019 నాటి కాల వినియోగ సర్వేను ఉదహరించారు. జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారన్నది ఆ సర్వే లెక్క. ఈ తీర్పుల్ని మనం మన పత్రికల్లో రాసుకున్నాం, శిక్షణల్లో చెప్పాం. సంతోషించదగ్గవే.

అయితే ఒక మాట దాటేశాం. ఈ లెక్కలన్నీ ఎంత ఇవ్వాలి అనే ప్రశ్నకు జవాబులు. ఎవరు ఇవ్వాలి అనేది దానికి ముందున్న ప్రశ్న. భర్త తప్పు వల్ల థర్డ్ పార్టీ పాలసీ బండి వెనక నుంచి పడి చనిపోయిన గృహిణి శ్రమకు ఎంత గొప్ప సూత్రంతో విలువ కట్టినా, చెల్లించే కంపెనీ లేనప్పుడు అది సున్నాతో గుణించిన లెక్కే. మొదటి ప్రశ్నకు జవాబు ప్రమాదానికి ఎంతో ముందు, పాలసీ కాగితంలో, టిక్కు పెట్టిన ఒక గడిలో, కట్టిన లేక కట్టని కొద్దిపాటి ప్రీమియంలో తేలిపోయి ఉంటుంది.

వాళ్లేమంటారు

కంపెనీల వాదన తెలిసిందే. సరుకుల బండ్లు మనుషుల కోసం కాదు, అక్రమ రవాణాకు బీమా ఇస్తే అక్రమాన్ని ప్రోత్సహించినట్టే. వినడానికి బాగుంది. కానీ లైసెన్సు లేనివాడు బండి నడపడం అక్రమం కాదా? ఆ సందర్భంలో 2004 జనవరి నాటి స్వరణ్ సింగ్ తీర్పు ఏం చెప్పింది? యజమాని చేసిన తప్పుకు మూడో మనిషి నష్టపోకూడదు, కంపెనీ ముందు చెల్లించి తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవచ్చు అని. ట్రాలీ కూలీల విషయంలో కూడా కోర్టులు కొన్నిసార్లు అదే పని చేశాయి. 2007లో బ్రిజ్ మోహన్ కేసులో, బాధ్యత కంపెనీది కాదంటూనే, తన ప్రత్యేక అధికారంతో ముందు ఆ కూలికి చెల్లించమంది సుప్రీంకోర్టు. అంటే న్యాయం ఏమిటో కోర్టుకు తెలుసు. దాన్ని హక్కుగా ఇవ్వలేదు, ఒక్కో కేసులో కనికరంగా ఇచ్చింది. కనికరం కోసం కూలి మనిషి ఢిల్లీ దాకా పోగలదా?

బీమా లేదు కదాని ఏ ఊళ్లో కూలీలు ట్రాలీ ఎక్కడం మానేశారు? తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం ఉంది. మంచిదే. కానీ పొద్దున ఆరింటికి చెలక గట్టు దాకా పోయే ఆర్టీసీ బస్సు లేదు. బస్సు పంపని ప్రభుత్వం, ట్రాలీలో కూర్చోబెట్టే రైతు, మేస్త్రి, ఆ ట్రాక్టర్‌కు ప్రీమియం వసూలు చేసుకునే కంపెనీ అందరూ చట్టబద్ధులే. ఎక్కిన ఆడమనిషి ఒక్కతే అక్రమం.

మనం చేయాల్సింది

ముందు మన ఇల్లు చక్కబెట్టుకుందాం. సభలకు, శిక్షణలకు డీసీఎంలు, టాటా ఏస్‌లు, ట్రాక్టర్లు మాట్లాడటం మానేయాలి. డబ్బు చాలకపోతే సభ చిన్నది చేద్దాం. ప్రయాణికుల పర్మిట్ ఉన్న బండే పెట్టాలి, పర్మిట్‌లో ఎన్ని సీట్లుంటే అంతమందినే ఎక్కించాలి. ఎందుకంటే, కిక్కిరిసిన బస్సు విషయంలో కంపెనీ బాధ్యత అనుమతించిన సంఖ్య వరకేనని, ఆ సొమ్మునే అందరికీ పంచాలని 2007లో అంజనా శ్యామ్ కేసు తేల్చింది. బండి మాట్లాడేటప్పుడే ఆర్.సి., పర్మిట్, ఇన్సూరెన్స్ తేదీ ఫోటో తీసుకోవాలి. ఇది అనుమానం కాదు, బాధ్యత.

రెండోది, సంఘం సమావేశాల్లో బ్యాంకు పాసుపుస్తకం చదివినట్టే బండి పాలసీ చదవాలి. నాలుగు ప్రశ్నలు చాలు. బండి ఎవరి పేర ఉంది? ఇది థర్డ్ పార్టీయా, ప్యాకేజా? వెనక కూర్చున్న వాళ్లకు, లోపల ఉన్నవాళ్లకు వర్తిస్తుందా? తేదీ దాటిందా? ఈ నాలుగూ ఇంట్లో అడగడానికి చాలామంది స్త్రీలు జంకుతారు. "చచ్చేదాని గురించి ఇప్పుడెందుకు, అపశకునం" అంటారు ఇంట్లో వాళ్లు. చావు తర్వాత ఆ ప్రశ్నలు అడిగేది ఆమె పిల్లలే. అప్పటికి జవాబు మార్చే వీలుండదు. ప్రమాదం జరిగితే మాత్రం ఆలస్యం చేయొద్దు. 2022 ఏప్రిల్ నుంచి ట్రిబ్యునల్లో దరఖాస్తుకు ఆరు నెలల గడువు మళ్లీ వచ్చింది. దాని మీద కోర్టుల్లో సవాళ్లు నడిచినా, గడువులోపే వేయడం క్షేమం.

మూడోది, పోరాటం. 147వ సెక్షన్‌లోంచి ఆ మినహాయింపు తొలగించాలి. అంతవరకూ, పనికి వెళ్తూ వస్తూ ప్రమాదానికి గురైన కూలీలకు కంపెనీ ముందు చెల్లించి తర్వాత రాబట్టుకునే పద్ధతిని చట్టంలోనే రాయాలి. ద్విచక్ర వాహనం వెనక సీటు నిర్బంధ బీమాలో భాగం కావాలి. ఇద్దరి కోసం తయారైన బండికి ఒకరినే లెక్కపెట్టే బీమా ఏమిటి? ప్రతి పాలసీ మొదటి పేజీలో ఎవరికి వర్తిస్తుందో, ఎవరికి వర్తించదో తెలుగులో పెద్ద అక్షరాల్లో ఉండాలి. కూలి సంఘాలు, మహిళా సంఘాలు, రైతు సంఘాలు కలిసి అడగాల్సిన డిమాండ్లు ఇవి. రైతు సంఘాలకు కూడా ఇందులో లాభముంది. తీర్పు మీద పడి ట్రాక్టర్ పోగొట్టుకునేది చిన్న రైతే.

ఆ రోజు తుంటి విరిగినామె ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుంది, పత్తి చేనుకు పోలేదు. మేం పోగుచేసిన చందాలు మూడు నెలలకు అయిపోయాయి. ఆమె మా మీద ఎప్పుడూ కోపం చూపలేదు. సభకు రమ్మంటే ఇప్పటికీ వస్తానంటుంది. "ఈసారి బస్సు పెట్టుండ్రి మేడం" అని మాత్రం అంది. మన ఉద్యమానికి ఆమె పెట్టిన మొదటి డిమాండ్ అది. దాన్ని నెరవేర్చకుండా మిగతా డిమాండ్లతో ప్రభుత్వం ముందు నిలబడే నైతిక హక్కు మనకు లేదు.